బ్రేకు తొక్కితె కాలేది పెట్రోలే

గుర్రంపోడు దిక్కు ఒక ఊర్ల బడి చెప్పే తమ్ముడు ఉత్తరం రాసిండు, పేరు వేయొద్దన్నడు:

"అన్నా నమస్తే. నేను నల్లగొండల ఉంట. దినాం బడికి కార్లనే పోత, పోనీకె 32, రానీకె 32 కిలోమీటర్లు. బండి 2018 వేగనార్, ఒక లీటరు పెట్రోలు ఇంజను, మాన్యువల్ గేరు. కొన్న కొత్తల 18 ఇచ్చేది, ఇప్పుడు 14న్నర వచ్చుడే కష్టమైతుంది. సర్వీసింగ్ టైముకే చేయిస్త. పోయినేడు టైర్లు అరిగినయని 155 తీసేసి 175 సైజు వేయించిన, బండి జర ఎత్తుగ కనపడ్తదని. ఇల్లు మారినప్పుడు మీద క్యారియర్ బిగించిన, అది అట్లనే ఉన్నది. రెండేండ్ల కింద ఎండకాలంల బండి వేడెక్కుతుంటె ఒక మెకానిక్ రేడియేటర్ సాఫ్ చేసి ఏదో వాల్వు తీసేసిన అన్నడు, మల్ల వేడెక్కలె. పెట్రోలు మిగలాలని ఏసీ బంద్ పెట్టి అద్దాలు దించుకొని 90ల పోత, దిగుడు వస్తె న్యూట్రల్ చేస్త. ఆన్‌లైన్ల పెట్రోల్ సేవర్ అని 900 పెట్టి ఒకటి కొన్న, ఏం ఫరక్ రాలె. దోస్తులేమో ఇంజను పోయింది, ఇది అమ్మి హైబ్రిడ్ తీస్కో అంటున్నరు. నాకు లోన్లు ఇప్పటికే ఉన్నయ్. ఏం చేయమంటవ్ అన్నా?"

తమ్మీ, బండి అమ్మకు. నువ్వు రాసింది రెండు మూడుసార్లు చదివిన, ఇంజను పోయిన లక్షణం ఒక్కటి గూడ కనపడలె నాకు, పొగ రాలె, ఆయిల్ తగ్గుతలె, పికప్ పోయిందని గూడ రాయలె నువ్వు. నీ బండికి ఏమైందో నీ ఉత్తరంలనే ఉన్నది, ఒక్కొక్కటి పట్టుకొని పోదాం, జర పొడుగైతది, ఓపికతోని చదువు.

ముందు ఒక మాట, కంపెనీ లెక్క ప్రకారం నీ బండికి లీటరుకు 20.51 అని ఉంటది. ఆ అంకె రోడ్డు మీద తీసింది కాదు, ల్యాబుల రోలర్ల మీద చక్రాలు తిప్పి తీస్తరు, ఏసీ బంద్ ఉంటది, స్పీడు ఎక్కడ గూడ 90 దాటదు, స్పీడు బ్రేకర్ ఉండదు, బర్రెలు అడ్డం రావు. అందుకని 20 ఎందుకు వస్తలేదని రంది పెట్టుకోకు. నీకు నువ్వే చెప్పినవ్ కదా 18 వచ్చేదని, మనకు అదే గీత. 18 నుంచి 14న్నరకు పడింది, అంటె మూడున్నర కిలోమీటర్లు ఎటు పోయినయ్ అని ఎతకాలె.

అందుల మొదటి ముక్క అసలు పోనేలేదు. నువ్వు టైర్లు మార్చినవ్ చూడు, అది. 155/65 టైరు (155 అంటె వెడల్పు మిల్లీమీటర్లల్ల, 65 అంటె సైడు ఎత్తు ఆ వెడల్పుల 65 శాతం) 14 ఇంచుల రిమ్ము మీద ఎక్కితె నిలువు 557 మిల్లీమీటర్లు అయితది, అదే 65 సైడు ఉన్న 175 టైరు అయితె 583. అంటె కొత్త చక్రం దగ్గర దగ్గర 5 శాతం పెద్దది, ఒక్క చుట్టు తిరిగితె ఎక్కువ దూరం పోతది, గని మీటరుకు ఆ సంగతి తెల్వదు, అది పాత చక్రం లెక్కనే చుట్లు లెక్క పెడ్తది. నువ్వు నిజంగ 105 కిలోమీటర్లు పోతె మీటరు 100 అని చూపిస్తది. నీ 14న్నర అసల్కు 15 పైన, 15.2 దాక ఉంటది. అనుమానం ఉంటె ఫోన్ల మ్యాపు పెట్టుకొని ఒక 20 కిలోమీటర్లు పోయి రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్కో. ఇంకో సంగతి, స్పీడు గూడ ముందటి కన్న తక్కువ చూపిస్తుంటది నీకు, మీటర్ల 90 అంటె పాత టైర్ల మీద 90 కన్న జోరుగ పోతున్నవ్. వెడల్పు టైరు రోడ్డును ఎక్కువ పట్టుకుంటది, బరువు గూడ ఎక్కువ, అందుకని కొంచెం నిజంగనే తాగుతది. ఇప్పుడే కొత్తయి ఏసినవ్ కాబట్టి పారేయమని చెప్పను, అరిగేదాంక వాడు, ఆ తర్వాత మాత్రం డ్రైవర్ డోరు తెరిస్తె లోపల పట్టీ మీద ఏ సైజు రాసి ఉంటదో అదే ఎయ్యి.

రెండో ముక్క నీ చేతిల లేదు. ఇప్పుడు బంకులల్ల పోసేది ఈ20, అంటె అందుల ఐదో వంతు ఇథనాల్. ఇథనాల్‌ల కాలే బలం పెట్రోల్ కన్న మూడో వంతు తక్కువ ఉంటది, అందుకని లీటరు అదే లీటరు అయినా దాంట్ల ఉన్న సత్తువ 6, 7 శాతం తగ్గింది. ఇది నేను అనే మాట కాదు, 2021ల నీతి ఆయోగ్ ఇచ్చిన నివేదికలనే ఈ10కు సెట్ చేసిన పాత కార్లకు 6 నుంచి 7 శాతం దాక మైలేజ్ పడ్తదని రాసిన్రు, ఈ20కు సెట్ చేసిన బండ్లకు అయితె 1, 2 శాతమే. నీది 2018 బండి, పాత లెక్కల్నే వస్తది. 18ల 6 శాతం అంటె కిలోమీటరు పైన. కాబట్టి నీ బండి ఈ రోజు ఎంత మంచిగున్నా 17 దగ్గరనే ఆగుతది, అంతకు మించి రాలేదని బండిని తిట్టకు, నిన్ను నువ్వు తిట్టుకోకు. రేటెక్కువ పెట్టి ప్రీమియం పెట్రోల్ పోయించినా నీ ఇంజనుకు అక్కర లేదు, ఆ పైసలు దండుగ.

ఇగ లెక్క చూడు, రావాల్సింది 17, వస్తున్నది 15.2. ఎతకాల్సింది మూడున్నర కాదు, రెండు కిలోమీటర్ల లోపలే. దానికి నాకు అన్నిటికన్న ముందు అనుమానం వచ్చేది ఆ "ఏదో వాల్వు" మీద.

ఎందుకంటె ఇది నాకు అయింది. మాది పాలమూరు, అప్పట్ల నా దగ్గర 800 సీసీ చిన్న కారు ఉండె, కల్వకుర్తి పోయి వస్తుంటె దారిల వేడెక్కి నిలబడ్డది, మే నెల, పిల్లలు బండ్లనే ఉన్నరు, మస్తు పరేషాన్ అయినం. దగ్గర్ల ఉన్న మెకానిక్ వచ్చి థర్మోస్టాట్ వాల్వు తీసి చేతిల పెట్టి, మన ఎండలకు ఇది అక్కర లేదన్నా, ఇగ నీ బండి జన్మల వేడెక్కది అన్నడు. నిజంగనే వేడెక్కలె. నేను ఖుషీగ ఏడాదిన్నర తిప్పిన. మైలేజ్ లీటరుకు రెండు కిలోమీటర్లు పడితె పెట్రోల్ల కల్తీ అనుకొని బంకులు మార్చుకుంట తిరిగిన. ఆఖరికి వేరే మెకానిక్ దగ్గర పెద్దాయన ఒకాయన స్కానర్ పెట్టి చూసి, ఇంజను 60 డిగ్రీలు దాటుతలేదు, దీనికి థర్మోస్టాట్ ఏది అని అడిగిండు. కొన్ని వందల రూపాయల సామాను అది. వేయించిన నెలకే పోయిన మైలేజ్ ముప్పావు భాగం ఎనక్కి వచ్చింది. ఆ ఏడాదిన్నర ఎంత పెట్రోలు ఊరికె కాలిందో తల్సుకుంటె ఇప్పటికీ బాధైతది.

ఆ వాల్వు పని ఏందంటె, ఇంజను చల్లగున్నప్పుడు నీళ్లను రేడియేటర్‌కు పోనియ్యకుంట లోపల్నే తిప్పుతది, 80 డిగ్రీలు దాటినంక మెల్లగ తెరుచుకుంటది. అది లేకపోతె ఇంజను స్టార్ట్ చేసిన కాడికెల్లే నీళ్లు రేడియేటర్‌ల తిరుగుతయ్, ముంగట గాలి కొడ్తుంటది, ఇంజను ఎంతసేపు నడిచినా సరైన వేడికి రాదు. బయట 44 డిగ్రీల ఎండ ఉండొచ్చు గని ఇంజనుకు 44 అంటె చలే. ఎంత పెట్రోలు పోయాల్నో చూసే ఇంజను కంప్యూటర్ ఏమనుకుంటదంటె బండి ఇంకా పొద్దున స్టార్టింగ్‌లనే ఉన్నది, ఇంకా పెట్రోలు పోయాలె అనుకొని చిక్కగ పోస్తనే ఉంటది. ఆయిల్ గూడ పలుచగ కాదు, లోపల రాపిడి పెరుగుతది. అంటె నువ్వు 32 కిలోమీటర్లు పోయినా ఇంజనుకు అది మొదటి ఐదు కిలోమీటర్ల తీరునే ఉంటది.

చూసుడు కష్టం కాదు. పొద్దున చల్లటి ఇంజను స్టార్ట్ చేసి బానెట్ లేపి రేడియేటర్‌కు పోయే పెద్ద రబ్బరు పైపును ముట్టుకొని చూడు, ఫ్యాన్ దిక్కు చెయ్యి, కండువా పోనియ్యకు, ఎప్పుడైనా తిరుగుతది అది. వాల్వు ఉంటె ఆ పైపు కొన్ని నిమిషాలు చల్లగనే ఉండి తర్వాత ఒక్కసారి కాల్తది, లేకపోతె మొదటికెల్లి నెమ్మది నెమ్మదిగ గోరువెచ్చగ అయితది. ఇంకా నమ్మకంగ కావాలంటె మెకానిక్ దగ్గర స్కానర్ పెట్టించి, రోడ్డు మీద పది కిలోమీటర్లు నడిపినంక నీళ్ల వేడి ఎంత చూపిస్తుందో చూడు, 80 కన్న కింద ఉన్నదంటె వాల్వు లేనట్టే. వేయించు. అయితే ఒకటి యాది పెట్టుకో, బండి రెండేండ్ల కింద వేడెక్కింది కదా, దానికి కారణం వేరే ఉండొచ్చు, రేడియేటర్ ఫ్యాను, కూలెంట్ లీకు, క్యాప్ ఏదైనా, అది చూపించకుంట వాల్వు ఒక్కటే పెట్టిస్తె మల్ల నడిరోడ్డు మీద నిలబడ్తవ్. కూలెంట్ అసల్ది పోయించు, బోరు నీళ్లు పోయొద్దు, మన నల్లగొండ నీళ్ల సంగతి నీకు చెప్పాల్నా, పండ్లనే ఎట్ల చేసినయో చూసినం, రేడియేటర్ సన్నటి పైపులు ఎంత తట్టుకుంటయ్.

క్యారియర్ ఈ ఆదివారమే విప్పెయ్యి. దాని బరువు పెద్ద బాధ కాదు, అది గాలిని అడ్డుకునేదే బాధ. గాలి దెబ్బ స్పీడుతోని సమానంగ పెరగదు తమ్మీ, స్పీడు రెట్టింపు అయితె గాలి నాలుగింతలు ఎనక్కి నెడ్తది. 70ల పోయేటప్పటికి, 90ల పోయేటప్పటికి చూస్తె గాలి ఆపే బలం 65 శాతం ఎక్కువ. మన చిన్న కార్లు ఎత్తుగ డబ్బా లెక్క ఉంటయ్, దాని మీద ఇనుప జాలి, నాలుగు అద్దాలు దించి, 90 స్పీడు, ఇట్ల పోతె నువ్వు గాలిని దున్నుకుంట పోతున్నట్టే. ఏసీ బంద్ పెట్టి మిగిల్చింది కిటికీలకెల్లి పోతుంది, పైంగ చెమటలు కార్చుకుంట బడికి పోయి పిల్లలకు పాఠం చెప్పాలె. ఊర్ల, బజార్ల, 50 లోపల పోతుంటె అద్దాలు దించుకో, రోడ్డు ఎక్కినంక అద్దాలు ఎత్తి ఏసీ ఎయ్యి, ఫ్యాను రెండు మీద పెట్టు చాలు. రోహిణి కార్తెల అయితె అసలు ఆలోచించకుంట ఎయ్యి, మన దగ్గర 45 దాక పోతది, వడదెబ్బ తగిల్తె దవాఖానకు అయ్యే ఖర్సు ముంగట పెట్రోల్ లెక్క ఎంత. బడికాడ యాపచెట్టు కింద పెట్టు, ఎక్కంగనే రెండు నిమిషాలు అద్దాలు దించి లోపలి ఉడుకు బయటికి పోనిచ్చి అప్పుడు ఏసీ ఎయ్యి, దానికి పని తగ్గుతది.

90ల పోతె జల్ది చేరుకుంట అనుకుంటవ్. 32 కిలోమీటర్లు ఎక్కడ ఆగకుంట 90ల పోతె 21 నిమిషాలు, 70ల పోతె 27. కాయితం మీదనే ఆరు నిమిషాలు, నడిమిట్ల కనగల్లు, ఊర్లు, బ్రేకర్లు, ట్రాక్టర్లు అన్ని తీస్తె నాలుగు నిమిషాలు మిగిల్తె ఎక్కువ. ఆ నాలుగు నిమిషాలు ఇంట్ల జల్ది బయల్దేరుడుల దొరుకుతయ్.

ఇప్పుడు అసలు మాట. నీ దోస్తులు హైబ్రిడ్ అంటున్నరు కదా, అంటె పెట్రోలు ఇంజనుతోని పాటు బ్యాటరీ మోటరు గూడ ఉండే బండి, హైబ్రిడ్ ఎందుకు తక్కువ తాగుతదో తెలుస్తె, నీ బండి ఎట్ల నడపాల్నో నీకే తెలుస్తది. బండిని 80 దాక ఉరికించనీకె పెట్రోలు కాల్చినవ్ కదా, ఆ ఉరుకుల ఆ పెట్రోలు సత్తువ దాచుకొని ఉంటది. హైబ్రిడ్ బండ్ల బ్రేకు తొక్కితె మోటరు ఆ సత్తువల కొంత గుంజుకొని బ్యాటరీల పెట్టి మల్ల వాడుకుంటది. మన బండ్ల తొక్కితె ఏమైతది, బ్రేకు ప్యాడ్లు వేడెక్కి గాలిల కలిసిపోతది, అంతే. ఎంత పోతదో లెక్క కట్టి చెప్త, నువ్వు సారువు కదా, పిల్లలతోని గూడ చేయించొచ్చు. నువ్వు కూసున్నంక బండి బరువు ఒక టన్ను అనుకో. 80ల పోతుంటె దాంట్ల ఉన్న శక్తి 247 కిలోజూల్స్. లీటరు పెట్రోల్ల 32 వేల కిలోజూల్స్ ఉంటయ్ గని ఇంజను అందుల పావు వంతే చక్రాలకు ఇస్తది, మిగిలింది పొగల, వేడిల పోతది, అంటె 8 వేలు. 8 వేలకు లీటరు అయితె 247కు 30 మిల్లీలీటర్లు. ఒక్కసారి 80 నుంచి గట్టిగ బ్రేకు తొక్కి ఆపి, మల్ల 80 ఎక్కిస్తె మూడు రూపాయల పెట్రోలు. 40 నుంచి ఆపితె 8 మిల్లీలీటర్లే, స్పీడు సగం అయితె పోయేది పావు వంతు.

నీ తోవల పోనీకె ఎనిమిది, రానీకె ఎనిమిది బ్రేకర్లు అనుకో, నిజంగ ఇంకా ఎక్కువనే ఉంటయ్, ప్రతి దాని దగ్గరికి 80ల వచ్చి తొక్కి దాటినంక మల్ల ఉరికిస్తె దినానికి దగ్గర దగ్గర అర లీటరు బ్రేకులల్లనే కాలుతది. నువ్వు దినాం తాగించేది నాలుగు లీటర్ల పైన, అందుల అర లీటరు. ఇది ఏ మెకానిక్ గూడ బాగుచేయలేడు, నీ కుడికాలు బాగుచేయాలె.

ఎట్లంటె, ఊరు బోర్డు కనపడంగనే, బ్రేకర్ ఇంకా రెండు మూడు వందల మీటర్లు ఉండంగనే యాక్సిలరేటర్ మీదికెల్లి కాలు పూర్తిగ తీసెయ్యి. గేరు తియ్యకు, క్లచ్ తొక్కకు, బండి గేర్లనే ఉండనీ. అది తనంతట తనే 80 నుంచి 40కి వస్తది, ఆఖరికి జర బ్రేకు తాకితె చాలు. ఆ రెండు మూడు వందల మీటర్లు ఇంజను చుక్క పెట్రోలు తాగది, ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లు, అంటె కంప్యూటర్ లెక్కన పెట్రోలు చిమ్మేటియి, కాలు తీసి గేర్ల ఉన్నప్పుడు పెట్రోలు పూర్తిగ బంద్ పెడ్తయ్, చక్రాలే ఇంజనును తిప్పుతుంటయ్, బాగ స్లో అయినంకనే మల్ల పోసుడు మొదలు పెడ్తది. మొదటి వారం ఎనకొచ్చేటోళ్లు హారన్ కొడ్తరు, కొట్టనీ, పక్కకిచ్చి పోనియ్యి. నీ తోవ నువ్వు దినాం పోయేదే కాబట్టి ఎక్కడ బ్రేకర్ ఉన్నది, ఎక్కడ బడి పిల్లలు రోడ్డు దాటుతరు, ఏ మూలమలుపుల మేకలు వస్తయ్ అంతా నీ కాలికే అలవాటైతది, పది దినాలల్ల. మా అన్న కొడుకుకు డ్రైవింగ్ నేర్పేటప్పుడు నేను పక్కన కూసొని జడ్చర్ల దాక ఒకటే మాట చెప్పిన, బ్రేకు తొక్కినప్పుడల్లా ఎందుకు తొక్కాల్సి వచ్చిందో నాకు చెప్పురా అని, ఐదో దినానికి తొక్కుడు సగానికి తగ్గింది.

ముంగట లారీ పోతుంటె గూడ ఇదే సంగతి, దాని తోకకు అంటుకొని పోతె అది స్లో అయినప్పుడల్లా నువ్వు తొక్కాలె, జర ఎడం పెట్టుకుంటె కాలు తీసుడుతోనే పని అయిపోతది, పానానికి గూడ మంచిది.

ఉరికించేటప్పుడు మరీ నెమ్మదిగ గూడ వద్దు, చానమంది ఇక్కడ తప్పు చేస్తరు, మూడో గేర్ల కిలోమీటరు దూరం ఈడ్సుకుంట పోతరు. మంచిగ తొక్కి 2,000 ఆర్పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) దాటంగనే పై గేరు ఎయ్యి, నీ మీటర్ల ఆర్పీఎం లేకపోతె ఇంజను చప్పుడు వినుడే, 50, 60 మధ్యల ఐదో గేర్ల పడిపోవాలె. అయితె ఇంజను గడగడ వణుకుతుంటె మాత్రం గేరు దించు, ఐదో గేర్ల 35ల పోవుడు పొదుపు కాదు.

న్యూట్రల్ సంగతి అడగకున్నా చెప్త, ఎందుకంటె నాకు భయమైంది చదివితె. కార్బ్యురేటర్ బండ్ల కాలంల పెద్దోళ్లు న్యూట్రల్ కొట్టెటోళ్లు, ఆ అలవాటు మనకు వచ్చింది. ఇంజెక్షన్ బండ్ల న్యూట్రల్ చేస్తె ఇంజను ఆగిపోకుంట ఉండనీకె పెట్రోలు పోస్తనే ఉండాలె, నిమిషానికి పది మిల్లీలీటర్ల దాక. న్యూట్రల్‌ల బండి కొంచెం ఎక్కువ దూరం ఉరుకుతది, అది నిజమే, నీ తోవల ఉన్న చిన్న చిన్న దిగుళ్లల్ల లెక్క అటు ఇటుగనే ఉంటది, గని బండి మీద పట్టు పోతది. ఘాట్ రోడ్డు మీద అయితె పానం మీదికొస్తది. శ్రీశైలం పోతవ్ కదా ఎప్పుడైనా, దిండి, మన్ననూరు మీదికెల్లి, ఈగలపెంట దాటినంక కృష్ణ దిక్కు దిగుడు ఎట్లుంటదో యాది చేస్కో. అక్కడ న్యూట్రల్ కొడ్తె బండి బరువంతా బ్రేకుల మీదనే పడి అవి కాగిపోయి పట్టవు. రెండో, మూడో గేరు ఏసి కాలు తీసెయ్యి, ఇంజనే బండిని పట్టుకుంటది, పెట్రోలు గూడ తాగది. దయచేసి న్యూట్రల్ మానుకో తమ్మీ, ఇంట్ల నీ కోసం ఎదురుచూసేటోళ్లు ఉంటరు.

ఇంకోటి గూడ, యాసంగి కోతలప్పుడు, మల్ల దసరా దాటినంక మన రోడ్ల మీద సగం మీద వడ్లు ఆరబోస్తరు, చుట్టు రాళ్లు పెడ్తరు, రైతుకు కల్లం లేక రోడ్డుకు వస్తడు, ఆయన కష్టం ఆయనది. రాత్రి పూట ఆ కుప్పలకు తాకి పానాలు పోయినోళ్లు ఉన్నరు. ఆ దినాలల్ల మైలేజ్ లెక్క పక్కకు పెట్టి 40ల పో. గడ్డి మీదికెల్లి పోతె ఇంటికి రాంగనే కిందికి వంగి చూడు, సైలెన్సర్ పైపుకు ఎండుగడ్డి చుట్టుకుంటె అంటుకునే భయం ఉంటది.

మిగిలినయి జల్ది జల్ది చెప్త. టైర్లల్ల గాలి పదిహేను దినాలకు ఒకసారి, పొద్దున బండి చల్లగున్నప్పుడు పట్టించు, నువ్వు సైజు మార్చినవ్ కాబట్టి ఎంత పట్టాల్నో టైరు షాపుల అడిగి రాస్కో, చలికాలం మొదలైనప్పుడు తప్పక చూపించు, 10 డిగ్రీలు చల్లబడితె రెండు పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాక పడిపోతది. ఒక దినం బడికి చేరుకోంగనే దిగి నాలుగు రిమ్ములు చేతితోని తాకి చూడు, మూడింటి కన్న ఒకటి బాగ వేడిగుంటె ఆ చక్రం బ్రేకు పట్టుకొని ఉన్నది, వెంటనే చూపించు. ఇంజన్ ఆయిల్ బుక్కుల ఏ గ్రేడ్ రాస్తె అదే పోయించు, పాత బండి అని 5డబ్ల్యూ-30 బదులు 20డబ్ల్యూ-50 పోస్తమంటరు, ఒద్దను, చిక్కటి ఆయిల్‌ను తిప్పనీకె గూడ పెట్రోలే కావాలె. ఎయిర్ ఫిల్టర్ మన దుమ్ముకు టైముకు మార్చాలె, ఇంజను బతుకు కోసం, గని దాంతోని మైలేజ్ పెరుగుతదని ఆశ పడకు, ఇంజెక్షన్ బండ్ల ఎంత గాలి పోతె అంతకు సరిపోను పెట్రోలే పోస్తది కాబట్టి ఫిల్టర్ నిండితె పికప్ పోతది గని మైలేజ్ పెద్దగ పోదు. డిక్కీల ఏమేం ఉన్నయో ఒకసారి దించి చూడు, బత్తాయి సంచి, పాత పుస్తకాల మూట, 45 కిలోలు తగ్గిస్తె ఒక శాతం మిగుల్తది. గేటు పడ్డకాడ అర నిమిషం దాటేటట్టు ఉంటె బంద్ చెయ్యి. పొద్దుగాల పోయిస్తె పెట్రోలు చిక్కగ ఉంటదన్నది ఉత్త మాట, ట్యాంకు భూమిల ఉంటది, పొద్దుకు మాపుకు దాని వేడి పెద్దగ మారదు. నువ్వు కొన్న 900 డబ్బి పీకేసి పక్కన పెట్టు, అసొంటి వాటిల్ల లైటు ఎలుగుడు తప్ప ఏం ఉండదు, ఇంజను కంప్యూటర్ దాని మాట ఇనదు. ఇంట్ల వాడే గ్యాస్ బండ కార్ల పెట్టుకొని నడపమని ఎవలన్నా సలహా ఇస్తె వాళ్లకు దూరం ఉండు, అది నేరం, బండితోని పాటు మనుషులు పోతరు.

హైబ్రిడ్ లెక్క గూడ చెప్పి ముగిస్త. పూర్తి హైబ్రిడ్ అంటె పది లక్షల పైన మాటే. ఏడాదికి నువ్వు 15,000 కిలోమీటర్లు తిరుగుతవ్ అనుకో. నీ బండి 17 ఇస్తె 880 లీటర్లు, హైబ్రిడ్ రోడ్డు మీద 22 ఇస్తె 680 లీటర్లు. ఏడాదికి 200 లీటర్లు మిగుల్తయ్, ఇరవై ఒక్క వేల రూపాయలు అనుకో, దానికి నువ్వు కట్టే వడ్డీ గూడ ఎల్లదు. హైదరాబాద్‌ల అమీర్‌పేట, పంజాగుట్ట ట్రాఫిక్‌ల దినాం నూరుసార్లు ఆగి పోయేటోనికి అది పనికొస్తది, గుర్రంపోడు తోవకు కాదు. లోన్లు ఉన్నయన్నవ్, ఇంకోటి నెత్తిన పెట్టుకోకు.

ఇప్పుడు చేయాల్సింది, అన్ని ఒక్కసారి చేయకు, ఏది ఎంత ఇచ్చిందో తెల్వదు. ముందు ఒక బంకు పట్టుకో, ఒకటే మిషను దగ్గర ఫుల్ కొట్టించు, గన్ను టక్కున ఆగంగనే చాలు, ఇంకా పొయ్యమనకు. మీటరు అంకె రాస్కో. 25, 28 లీటర్లు అయ్యేదాంక తిప్పి మల్ల అదే మిషను దగ్గర అట్లనే కొట్టించి, పోసిన లీటర్లతోని కిలోమీటర్లను భాగించు, నీ 175 టైర్లు ఉన్నన్ని దినాలు ఆ వచ్చినదానికి 5 శాతం కలుపు. కొలత మీద అనుమానం వస్తె బంకుల ముద్ర వేసిన ఐదు లీటర్ల క్యాను ఉంటది, అడిగితె నీ ముంగటనే కొలిచి చూపించాలె, మొహమాటపడకు. ఈ మొదటి ట్యాంకు ఏం మార్చకుంట తిప్పు, రెండో దానికి క్యారియర్ తీసి 70, 75 దాటకు, మూడో దానికి థర్మోస్టాట్ పెట్టించు, కాలు అలవాటు మాత్రం ఈ రోజే మొదలు పెట్టు. 15.2 నుంచి 17 వస్తె నీకు నెలకు పది లీటర్ల దాక మిగలాలె. మూడు ట్యాంకుల అంకెలు రాసి పంపు, ఆ రబ్బరు పైపు ఎన్ని నిమిషాలకు కాలిందో గూడ రాయి, అది చల్లగనే ఉండి ఒక్కసారి కాలిందంటె నా అనుమానం తప్పు, అప్పుడు ఆక్సిజన్ సెన్సర్, ప్లగ్గుల దిక్కు చూద్దాం.